పసిబిడ్డ గుండెలో లోపమేల?

1000 మంది శిశువులు పుట్టినచో వారిలో 8 లేక 9 మంది గుండెలో ఏదో యొక లోపముతో పుట్టుచున్నారని దేశదేశముల వైద్యులు లెక్కగట్టియున్నారు. మన దేశమున ఏటేట కలుగు జననములనుబట్టి చూచిన ఇట్టి బిడ్డలు సుమారు 2 లక్షల మంది యగుదురు. వీరిలో కొందరి లోపము గుండె గదుల నడిమి గోడలో చిన్న రంధ్రము మాత్రమే. అది పెక్కుసార్లు దానంతటదియే పూడిపోవును. మరికొందరికి రక్తనాళములే తారుమారై యుండును. లేదా ఊపిరితిత్తులకు పోవు మార్గము ఇరుకై, చెడు రక్తము మంచి రక్తముతో కలిసి, పెదవులు గోళ్లు నేరేడుపండువలె నీలిరంగు దాల్చును. మొత్తముమీద అయిదింట ఒక బిడ్డకు మొదటి యేడాదిలోనే చికిత్స జరిగితీరవలెను.

రోగము బయటపడిన యింట మొదట పుట్టు ప్రశ్న చికిత్సను గూర్చినది కాదు. "ఇది ఎవరివలన వచ్చినది?" అనునదే ఆ ప్రశ్న. దానికి ఉత్తరము కూడ సాధారణముగా ముందే సిద్ధమైయుండును. కోడలు గ్రహణమునాడు బయట తిరిగినదనియో, బరువు లెత్తినదనియో, తినరానిది తిన్నదనియో, కాకున్న ఆమె పుట్టినింటి వంశమున ఏదో దోషమున్నదనియో చెప్పుదురు. బాలింత అప్పటికే బిడ్డను చూచి కుములుచుండును. దానిపై ఈ నిందయు మోయవలసివచ్చును. నిందవలన బిడ్డ గుండెకు ఒరిగినది లేదు. అంతకంటె చెడుగు ఏమనగా, నింద యొకరిపై వేసి ఊరకుండుటచే నిజమైన కారణములను వెదకు పని ఆగిపోవుచున్నది. మరుసటి కాన్పునకు ముందు చేయదగిన పనులు చేయకయే కాలము గడచిపోవుచున్నది.

హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట జలాశయమునకు సమీపమున పుప్పాలగూడ యను ఊరు కలదు. ఒకప్పుడిది పొలములు, గుట్టలు గల పల్లె. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట నగరము ఇటువైపు ప్రాకి, నేడు ఇచట ఆకాశమునంటు భవనములు నిలిచియున్నవి. ఈ యొక్క ఊరనే మూడు విధములైన సంసారములను చూడవచ్చును. భూములమ్మిన పాత రైతు కుటుంబములు ఒకటి. జిల్లాలనుండి చదువుకొని వచ్చి కంప్యూటరు కొలువులలో నున్న యువదంపతులు రెండవది. ఆ భవనములను కట్టుటకు పాలమూరు మొదలగు ప్రాంతములనుండి వచ్చి రేకుల గుడిసెలలో కాపురముండు కూలీలు మూడవది. గుండె లోపముగల బిడ్డ ఈ మూడిండ్లలో దేనియందైనను పుట్టవచ్చును. ఐనను ఒక్కొక్క యింట ఒక్కొక్క కారణము ముందునకు వచ్చును. ఇది మన గ్రామములకును వర్తించును గనుక, ఆ ఊరిని దృష్టియందుంచుకొని విషయమును విచారింతము.

ముందుగా గుండె ఎప్పుడు తయారగునో తెలియవలెను. గర్భము నిలిచిన మూడవ వారమున అది సన్నని గొట్టమువలె నేర్పడును. సుమారు 22వ దినమున కొట్టుకొనుట ప్రారంభించును. పిమ్మట ఆ గొట్టము మెలిక తిరిగి, లోపల గోడలు లేచి, నాలుగు గదులేర్పడి, ఎనిమిదవ వారము ముగియునప్పటికి కట్టడము పూర్తియగును. అప్పటికి పిండము పొడవు మన బొటనవ్రేలి కొనకంటె పెద్దది కాదు. ఇక మన యిండ్లలో జరుగునదేమి? నెల తప్పినదని తెలియుటకే ఈ కాలములో రెండు వారములు గడచిపోవును. రెండవ నెల కూడ చూచి పెద్దలకు చెప్పుదురు. మూడవ నెలలో ఆశా కార్యకర్త పేరు వ్రాసికొనును, తరువాత డాక్టరమ్మ దర్శనము. అనగా మనము జాగ్రత్తలు మొదలిడు నాటికి గుండె కట్టడము ముగిసిపోయినది. అదను దాటిన పిమ్మట ఎరువు వేసిన చందము. దుక్కి విత్తుటకు ముందు చేయవలెనని రైతునకు వేరొకరు చెప్పనక్కరలేదు గదా!

ఇంతకును కారణము బీజమునందున్నదా, క్షేత్రమునందున్నదా? మన పాత ధర్మశాస్త్రములు పురుషుని బీజముగను, స్త్రీని క్షేత్రముగను చెప్పినవి. నేటి జీవశాస్త్రము ఆ మాటను సగమునకు సగము కొట్టివేసినది. బిడ్డ శరీరములోని 46 క్రోమోజోములలో 23 తల్లివి, 23 తండ్రివి. బీజము ఇరువురిదియు సమానము; క్షేత్రము మాత్రము అదనముగా తల్లి మోయుచున్నది. కావున వంశదోషమను మాట వచ్చినచో రెండు వంశములను పేర్కొనవలసియుండును. ఒక్క కోడలి పుట్టింటిని అనుటకు శాస్త్రమున ఆధారము లేదు.

బీజదోషములలో స్పష్టమైనవి కొన్ని కలవు. 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడుండుటచే కలుగు డౌన్ లక్షణముగల బిడ్డలలో ఇంచుమించు సగము మందికి గుండె లోపముండును. ఇది తల్లి వయస్సుతోపాటు హెచ్చును: 25 ఏండ్ల తల్లికి సుమారు 1250 కాన్పులలో ఒకటి, 35 ఏండ్లకు 350 లో ఒకటి, 40కి 100 లో ఒకటి. పుప్పాలగూడ భవనములలో కాపురముండు చదువుకొన్న దంపతులు ఉద్యోగము, ఇంటి అప్పు చూచుకొని కాన్పును వెనుకకు నెట్టుచుందురు గనుక ఈ లెక్క వారికి ముఖ్యము. అట్లే 22వ క్రోమోజోములో చిన్న తునక లోపించుటవలనను గుండెనుండి బయలువెడలు పెద్దనాళములు సరిగా నేర్పడకపోవుట కలదు. ఒక్క జన్యువు చెడుటచే కలుగునవియు నున్నవి. చేతి యెముకల వంకరతోపాటు గుండెగోడలో రంధ్రము గల వంశములను పరిశీలించి 1997లో ఒక జన్యువును, గుండె గోడ రంధ్రములు వంశపారంపర్యముగా వచ్చు కుటుంబములనుండి 1998లో మరియొక జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

అయితే ఇట్టి స్పష్టమైన కారణము దొరకు బిడ్డలు తక్కువ మంది. మిగిలిన అధికసంఖ్యాకులలో పెక్కు చిన్న జన్యుభేదములును, గర్భకాలపు పరిస్థితులును కలిసి పనిచేయునని వైద్యుల అభిప్రాయము. ఒకే పొలములో ఒకే గింజ చల్లినను తేమ చాలనిచోట మొక్క గిడసబారును. అదే తేమలేమిని వేరొక రకము తట్టుకొనును. విత్తుది తప్పా, నేలది తప్పా యని అడిగిన రైతు నవ్వును. ఈ రోగము సంగతియు అంతే.

ఒక బిడ్డకు లోపము కలిగిన దంపతులకు తరువాతి బిడ్డకును అది వచ్చునేమోయను భయము సహజము. ఆ భయమునకు కొలత కలదు. సాధారణముగా నూటికి ఒకటిలోపు నున్న అవకాశము, ఒక బిడ్డకు వచ్చిన యింట నూటికి 2 మొదలు 5 వరకు నుండును. అనగా నూటికి 95 పాళ్లు తరువాతి బిడ్డ గుండె సరిగానే యుండును. దీనిని విని కొందరు నిశ్చింతులగుదురు, కొందరికి 5 కూడ ఎక్కువగనే తోచును. రెండును మానవసహజమే.

ఇక మేనరికము. ఈ ప్రసంగమున మన తెలుగు దేశమునకు ప్రత్యేకమైనది ఇదియే గనుక కొంత నిలిచి మాటలాడవలెను. మేనమామకు మేనకోడలి నిచ్చుట, మేనత్త కొడుకునకిచ్చుట తరతరముల ఆచారము. పిఠాపురమున జన్మించి, సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు హాల్డేను వద్ద శిష్యరికము చేసిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాను అనువారితో కలిసి 1960 ప్రాంతముననే ఆంధ్రదేశపు రక్తసంబంధ వివాహముల లెక్కలు సేకరించి ప్రకటించెను. అరువది యేండ్లు గడచినను ఆచారము పోలేదు: 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఇంచుమించు నాలుగింట ఒక వివాహము రక్తసంబంధీకులలోనే జరిగినట్లు తేలినది. దక్షిణ దేశమున హృద్రోగ శిశువుల తలిదండ్రులను పరిశీలించి మైసూరు పరిశోధకులు 2006లో ప్రకటించిన వ్రాతలో, అట్టి దంపతులలో రక్తసంబంధము ఇతరులలోకంటె హెచ్చుగా కన్పట్టినది.

దీని మర్మము కష్టమైనది కాదు. ప్రతివానియందును పనిచేయని జన్యువులు కొన్ని యుండును. వాటి జంటలోని రెండవది సరిగా నున్నంతవరకు హాని లేదు. ఒకే తాతనుండి ఒకే చెడు ప్రతి అటునుండియు ఇటునుండియు వచ్చి బిడ్డలో కలిసినపుడు చిక్కు పుట్టును. మేనత్త, మేనమామ బిడ్డలు పెండ్లాడినచో పుట్టు బిడ్డ జన్యువులలో సగటున 16 పాళ్లలో ఒక పాలు ఈవిధముగా ఒకే మూలమునుండి రెండు ప్రక్కల వచ్చినవై యుండును. మేనమామ మేనకోడళ్లకు పుట్టినచో 8 పాళ్లలో ఒకటి, అనగా రెండింతలు. తరతరము ఇట్లే జరిగిన యింట ఇంకను హెచ్చును. మొక్కజొన్న సాగుచేయు రైతులకు ఇది పరిచితమే. ఒకే వంగడమును తనలో తానే కలుపుచు కొన్ని తరములు పెంచిన మొక్క కురుచబారి కంకి చిన్నదగును. అట్టి రెండు వేరువేరు వంగడములను సంకరము చేసినపుడు మరల ఏపుగా లేచును. పుప్పాలగూడకు దాపుననున్న రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు పొలములలో దీనిని కన్నులార చూడవచ్చును. మనుష్యులు మొక్కజొన్నలు కారు గాని, న్యాయము ఒకటే.

అతిగా భయపెట్టుట మా యుద్దేశము కాదు. సంబంధము లేని దంపతుల బిడ్డలలో నూటికి 2, 3 గురికి ఏదో యొక పుట్టులోపముండగా, మేనబావ మరదళ్ల బిడ్డలలో అది 4 మొదలు 6 వరకు నుండును. అనగా మేనరికమున పుట్టినవారిలోను నూటికి 94 మంది ఆరోగ్యవంతులే. ఇప్పటికే మేనరికము చేసికొన్నవారిని నిందించుటయు, విడిపొమ్మనుటయు అవివేకము. కాని ఇకమీద సంబంధములు కుదుర్చు పెద్దలు, ముఖ్యముగా ఇదివరకే ఇంటిలో ఇట్టి బిడ్డ పుట్టియున్నచో, ఆ ఇంటనే మరల పిల్లనిచ్చి పుచ్చుకొనుటను మానుట మేలు. భూమి చీలిపోకుండుటకే మేనరికమని మన రైతులు చెప్పు కారణము కలదు. పుప్పాలగూడలో ఆ భూమియే గజములలెక్కన అమ్ముడుపోయినది. ఆచారము మాత్రము కొన్ని యిండ్లలో మిగిలినది!

క్షేత్రమును గూర్చిన కారణములలో ప్రథమముగా చెప్పవలసినది మధుమేహము. గర్భము నిలుచునాటికే చక్కెర వ్యాధి యుండి, అదుపులో లేనిచో, బిడ్డకు గుండె లోపము కలుగు అవకాశము మూడు మొదలు అయిదింతలు వరకు హెచ్చును. చక్కెర అదుపులోనుంచిన ఈ ప్రమాదము చాలవరకు తగ్గును. ఇచట ఒక భేదమును గమనింపవలెను: ఆరవ నెలలో పరీక్ష చేయగా క్రొత్తగా బయటపడు గర్భకాలపు చక్కెరవలన గుండె కట్టడమునకు ఇంత ప్రమాదము లేదు, ఏలయన అప్పటికి కట్టడము పూర్తియైనది. హాని చేయునది ముందునుండి యుండి ఎవరును చూడని చక్కెర. నేడు ఈ వ్యాధి నగరమున కుర్చీలలో కూర్చుండి పనిచేయువారికే కాక, పల్లెలలో ముప్పది యేండ్లలోపువారికిని కన్పట్టుచున్నది. తలిదండ్రులలో నెవరికైనను చక్కెర వ్యాధి యున్న ఆడుపిల్లలు, బిడ్డను కోరుకొను ముందే మూడు నెలల సగటు చక్కెర తెలుపు రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఖర్చు స్వల్పము.

రెండవది రుబెల్లా యను జ్వరము. ఒంటిపై సన్నని ఎఱ్ఱని పొక్కులు లేచి మూడునాళ్లలో పోవును. పెద్దవారికి అది లెక్కలోనిది కాదు. 1941లో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను కంటివైద్యుడు, కంటిపొరలతో పుట్టిన 78 మంది శిశువులను పరిశీలించి, వారి తల్లులలో అత్యధికులకు గర్భారంభమున ఈ జ్వరము వచ్చినదని కనుగొనెను. ఆ బిడ్డలలో పలువురికి గుండె లోపము కూడ నుండెను. బయటి కారణమొకటి గర్భస్థశిశువును వికలము చేయగలదని వైద్యలోకము నమ్మినది అప్పటినుండియే. గర్భము నిలిచిన మొదటి మూడు నెలలలో ఈ జ్వరము సోకిన, పదింట ఎనిమిది తొమ్మిది గర్భములకు హాని తప్పదు. దీనికి టీకా కలదు. తెలుగు రాష్ట్రములు రెండింటను 2017 ఆగస్టులో తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్ల వరకు గల పిల్లలకందరికి తట్టు-రుబెల్లా టీకా వేసిరి. అటుపిమ్మట అది పసిపిల్లల సాధారణ టీకాలలో చేరినది. అయితే అప్పటికి పదునైదేండ్లు దాటిన బాలికల మాట యేమి? నేడు పెండ్లిండ్లు చేసికొని బిడ్డలను కనుచున్నవారు వారే! చిన్ననాట ప్రత్యేకముగా వేయించుకొన్నవారు తప్ప తక్కినవారికి రక్షణ నిశ్చయము కాదు. అట్లే పనికై ఊరూరు తిరుగు కూలీల పిల్లలకును టీకాలు తప్పిపోవుట సులభము. ఈ టీకాను గర్భిణికి వేయరాదు. వేసిన పిమ్మట ఒక నెల వరకు గర్భము రాకుండ చూచుకొనవలెను. కావున పెండ్లిచూపులనాటికే దీనిని తలచుకొనుట మంచిది.

మందుల విషయమున రెండు మాటలు. మూర్ఛకు వాడు వాల్‌ప్రోయేటు, మనోవ్యాధికి వాడు లిథియము, మొగముపై మొటిమలకు మ్రింగు ఐసోట్రెటినాయిను మొదలగునవి పిండమునకు హానికరములు. ఈ చివరిదానిని అందముకొరకై మందుల అంగడిలో కొని వాడుట నగరపు ఆడుపిల్లలలో కలదు. అది చాల ప్రమాదము. కాని మూర్ఛమందును ఎవరంతటవారు మానుకొనుట అంతకంటె ప్రమాదము. ముందుగా వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. మద్యము కల్లైనను సారాయైనను గర్భిణికి పనికిరాదు. తాను త్రాగకున్నను ప్రక్కన మగడు కాల్చు చుట్ట, బీడీల పొగయు మంచిది కాదు. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు బిడ్డ వెన్ను, మెదడు లోపములను నివారించునని రుజువైనది; గుండెకును కొంత మేలు చేయునని కొన్ని దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. వీటిని గర్భము నిలుచుటకు ఒక నెల ముందునుండి మ్రింగిననే ఫలము.

మన పాఠకులు తప్పక అడుగు ప్రశ్న పురుగుమందులను గూర్చినది. కొన్ని పరిశీలనలు వీటికిని గుండె లోపములకును సంబంధము చూపినవి, కొన్ని చూపలేదు. శాస్త్రజ్ఞులలో ఇంకను ఏకాభిప్రాయము కుదురలేదు. తీర్పు వచ్చువరకు ఆగుట రైతునకు తగదు. బిడ్డను కోరుకొను స్త్రీ మందు కలుపుట, పిచికారి సమయమున చేలో నుండుట, మందుతో తడిసిన బట్టలుదుకుట మానవలెను. ఈ చివరి పని మన యిండ్లలో ఎల్లప్పుడు ఆడువారిదే యగుటచే ప్రత్యేకించి వ్రాయుచున్నాము. మగవాడు తన బట్టలు తానుదుకుకొనిన నష్టమేమియు లేదు.

గ్రహణమునకును గుండె లోపమునకును సంబంధము లేదు. గ్రహణమొర్రి యను పేరు చీలిన పెదవికి పెట్టినంతమాత్రమున అదియు గ్రహణమువలన వచ్చినది కాదు. సూర్యచంద్రుల నీడలు కొన్ని గడియలలో తొలగిపోవును. అదుపులేని చక్కెర నెలల తరబడి రక్తములో నుండును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కొందరు బిడ్డలు లోపముతో పుట్టుట తప్పదు. ఇదివరకు ఇట్టి బిడ్డను కన్నవారు, తల్లికి చక్కెర వ్యాధి యున్నవారు, మేనరికపు దంపతులు, గర్భము 18 మొదలు 22 వారముల మధ్య బిడ్డ గుండెను చూచు ప్రత్యేకమైన స్కానింగు చేయించుకొనవలెను. జన్యుదోషములను గూర్చి సలహా కావలసినవారికి హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రియందు ప్రత్యేక విభాగము కలదు. పుట్టిన పిమ్మట పాలు త్రాగుచు మాటిమాటికి ఆగి రొప్పుట, నుదుట చెమటపట్టుట, బరువు పెరుగకుండుట, పలుమారు నెమ్ము చేయుట, ఏడ్చినపుడు నీలిరంగు కమ్ముట కన్పట్టినచో జాగు చేయరాదు. 2013లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన బాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను ఉచితముగా పరీక్షించును.

శస్త్రచికిత్సకు వ్యయము లక్షలలో నుండును. ఒకప్పుడు దీనికై ఎకరములు తాకట్టు పడినవి. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన తరువాత పేద కుటుంబముల పిల్లలకు ఈ శస్త్రచికిత్సలు ప్రభుత్వ వ్యయముతో జరుగుచున్నవి. తెలంగాణమున 2023 డిసెంబరునుండి కుటుంబమునకు 10 లక్షల రూపాయల వరకు సదుపాయము హెచ్చింపబడినది. ఆంధ్రప్రదేశమున ఆ పథకము ఎన్.టి.ఆర్. వైద్య సేవ యను పేర నడచుచున్నది. తిరుపతిలో 2021నుండి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము పనిచేయుచున్నది. అప్పుచేయుటకు ముందు ఈ సదుపాయములను విచారించుడు.

ఆరోగ్యశ్రీ తొలి యేండ్లలో గుండె శస్త్రచికిత్స జరిగిన పిల్లలు నేడు పెండ్లి యీడునకు వచ్చియున్నారు. వారిలో అనేకులు పొలము పనులును, ఉద్యోగములును నిరాటంకముగా చేసికొనుచున్నారు. ఆడుపిల్లయైనచో ఆ సంగతి దాచి పెండ్లిచేయు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. దాచుటచే ఆమె నెల తప్పినపుడు గుండెవైద్యునికి చూపించువారు లేక ప్రమాదము కలుగవచ్చును. ఆమె బిడ్డకు లోపము వచ్చు అవకాశము ఇతరులకంటె కొంత హెచ్చు గనుక గర్భమున నున్నపుడే స్కానింగు అవసరము. మగపిల్లవాని బిడ్డకును ఇట్లే. చిన్ననాటి శస్త్రచికిత్స కాగితములను పట్టాదారు పాసు పుస్తకముతోపాటు భద్రపరచి, పెండ్లినాడు పిల్లచేతికి ఇచ్చి పంపవలెను.